హోబోకెన్ రేవు వెంట మూడు గంటల చరిత్ర నడక

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, జెర్సీ సిటీలో ఆరేళ్లుగా కాపురముంటూ, రైలు మారడానికి వారానికి నాలుగైదుసార్లు హోబోకెన్‌లో దిగుతున్నా, ఆ ఊరి గతమేమిటో నేను ఏనాడూ తెలుసుకోలేదు. గుంటూరు నుంచి వచ్చిన మా నాన్నగారిని వెంటబెట్టుకుని, అక్కడి చరిత్ర అంటే ప్రాణంపెట్టే ఒక స్థానికుడు నడిపే శనివారపు నడక పర్యటనకు ఈ అక్టోబరులో వెళ్లాను. సైనికులు, తొలినాటి బేస్‌బాల్, నాటకశాలలు అనే మూడు విషయాల మీదుగా ఊరి కథ చెప్పడం ఆ పర్యటన ఉద్దేశం. పైకి పొంతన లేనట్టు కనిపించే ఈ మూడూ, ఈ ఊరికీ న్యూయార్కుకూ మధ్యనున్న హడ్సన్ నది మీది రాకపోకల వల్లనే ఈ ఒడ్డుకు చేరాయని స్పష్టంగా చూపించడమే దీనిలోని గొప్పతనం.

నడక 1907 నాటి రైల్వే టెర్మినల్ ఎదుట మొదలవుతుంది. అక్కడికి దగ్గరలోనే ఉన్న పియర్ ఎ పార్కులో మార్గదర్శి నది వైపు చూపిస్తూ మాట్లాడిన అరగంట కోసమే ఈ పర్యటనకు వెళ్లవచ్చు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఇక్కడి ప్రధాన రేవులు హాంబర్గ్ అమెరికన్, నార్త్ జర్మన్ లాయిడ్ అనే జర్మన్ నౌకా సంస్థల చేతిలో ఉండేవి. ఊరి జనాభాలోనూ జర్మన్లు పెద్ద సంఖ్యలో ఉండేవారు. 1917 ఏప్రిల్‌లో అమెరికా యుద్ధంలోకి దిగగానే ప్రభుత్వం రేవులను, అక్కడ చిక్కుకుపోయిన ఓడలను స్వాధీనం చేసుకుంది. వాటిలో అతి పెద్దదైన ఫాటర్‌లాండ్, లెవయథన్ అనే కొత్త పేరుతో, జర్మనీపై పోరాడే సైనికులనే ఫ్రాన్సుకు మోసుకెళ్లింది. క్రిస్మస్ నాటికి స్వర్గమో, నరకమో, హోబోకెనో (అంటే చావడమో, ఇంటికి తిరిగిరావడమో) అన్న మాట ఆ సైనికుల నోట నానింది. మార్గదర్శి అక్కడితో ఆపకుండా, 1921 మే 23న అధ్యక్షుడు హార్డింగ్ ఇదే రేవులో, యుద్ధంలో చనిపోయి తిరిగొచ్చిన సైనికుల 5,212 శవపేటికల ముందు నిలబడి ప్రసంగించిన సంగతి చెప్పినప్పుడు, మా నాన్నగారు చాలాసేపు నీళ్ల వైపే చూస్తూ ఉండిపోయారు.

అక్కడి నుంచి నది వెంట ఎలిసియన్ పార్కుకు చేరతాము. 1784లో ఈ భూములను కొన్న జాన్ స్టీవెన్స్, తర్వాత వీటిలో కొంత భాగాన్ని న్యూయార్కు జనం పడవల్లో వచ్చి సేదతీరే ఉద్యానవనంగా తీర్చిదిద్దాడు. న్యూయార్కులోని మాన్‌హాటన్‌లో ఖాళీ జాగాలు తరిగిపోతున్న కాలంలో అక్కడి తొలినాటి బేస్‌బాల్ సంఘమైన నికర్‌బాకర్ క్లబ్బు ఆటగాళ్లు పడవ ఎక్కి ఇక్కడికే వచ్చి ఆడేవారు. పరిగెత్తేవాణ్ణి బంతితో కొట్టి అవుట్ చేసే పాత పద్ధతిని వారి 1845 నిబంధనలు నిషేధించాయన్న వివరణ, బేస్‌బాల్ తెలియని మాకు కూడా చక్కగా అర్థమైంది. 1846 జూన్ 19న వారు న్యూయార్కు జట్టు చేతిలో 23-1 తేడాతో ఓడిపోయిన ఆటను మార్గదర్శి తొలి మ్యాచ్ అని ఖాయంగా చెప్పడం మాత్రం సరికాదు. పదకొండో వీధి, వాషింగ్టన్ వీధి కలిసేచోట ఉన్న ఫలకం అలాగే చెబుతున్నా, అంతకు ముందటి అక్టోబరులోనే న్యూయార్కు, బ్రూక్లిన్ జట్లు ఇక్కడ తలపడ్డాయి. అంతకన్నా పెద్ద లోటు క్రికెట్ ఊసే లేకపోవడం. విదేశీ పర్యటనకు బయలుదేరిన మొట్టమొదటి ఇంగ్లండ్ జట్టు 1859 అక్టోబరులో హోబోకెన్‌లోనే అమెరికా ఆటగాళ్లతో ఆడింది. ఈ చుట్టుపక్కల ఇన్ని వేల తెలుగు కుటుంబాలు ఉండగా ఆ ఒక్క మాట చెప్పకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది.

నాటకశాలల భాగం పావుగంటలో ముగిసిపోయింది. 1928-29లో రచయిత క్రిస్టఫర్ మోర్లీ మిత్రులతో కలిసి ఇక్కడి పాత నాటకశాలలను తెరిపించి, ఆఫ్టర్ డార్క్, ది బ్లాక్ క్రూక్ వంటి పందొమ్మిదో శతాబ్దపు నాటకాలను మళ్లీ ఆడించాడు. నది అవతలి నుంచి తరలివచ్చిన ప్రేక్షకులు ప్రతినాయకుడు రంగం మీదికి రాగానే కేకలు వేసి ఎగతాళి చేసేవారట. ఇది వినగానే మా నాన్నగారికి చిన్ననాటి సురభి నాటకాలు గుర్తుకొచ్చి ప్రశ్నలు మొదలుపెట్టారు గానీ, మార్గదర్శి అప్పటికే ముందుకు కదిలిపోయారు. ఆనాటి వేదికల ఛాయాచిత్రాలు నాలుగైదు చేతికిచ్చి, ఇంకో ఇరవై నిమిషాలు కేటాయిస్తే బాగుంటుంది.

పెద్దవారితో వెళ్లేవారు దారిలో కూర్చునే చోట్లు తక్కువని, రద్దీ వీధుల్లో మాట సరిగా వినిపించదని గమనించి, మార్గదర్శికి దగ్గరగా నడవడం మంచిది. నేనైతే ఐదింటికి నాలుగు నక్షత్రాలు ఇస్తాను. అందులో మూడు రేవు దగ్గర గడిపిన ఆ అరగంటకే. నడక ముగిసే చోటికి దగ్గరలో, పాత నౌకానిర్మాణ కేంద్రపు యంత్రశాలలో హోబోకెన్ చరిత్ర మ్యూజియం ఉంది కనుక, ఆ రోజు మధ్యాహ్నం వేరే పని పెట్టుకోకండి.