నీళ్ల రాకెట్టా, కాగితం రాకెట్టా?

ఆగస్టు 23 దగ్గర పడిందంటే కోనసీమ సైన్స్ టీచర్లు నన్నడిగేది ఒకటే: "మాస్టారూ, పిల్లలతో ఏ రాకెట్ ఎగరేయించమంటారు?" చంద్రయాన్-3 దిగిన ఆ రోజు జాతీయ అంతరిక్ష దినోత్సవం అయ్యాక ఇది మరీ ఎక్కువైంది.

ఎత్తు చూస్తే నీళ్ల రాకెట్‌కు తిరుగులేదు. కూల్‌డ్రింక్ బాటిల్లో మూడో వంతు నీళ్లు పోసి, మూతికి బిరడా బిగించి, సైకిల్ పంపుతో గాలి కొట్టి వదిలితే కొబ్బరిచెట్టు దాటిపోతుంది. మాది ఒకటి మొవ్వులో ఇరుక్కుని, దింపుకి మనిషి వచ్చేదాకా అక్కడే ఉంది.

నేను మాత్రం ఎత్తు చూడను, లేవకపోతే ఏమవుతుందో చూస్తాను. దీపావళికి తారాజువ్వ లేవకపోతే ఎవడో ఒకడు వంగి చూస్తాడే, అదే నా భయం. బిరడా బిగుసుకుంటే కొట్టిన గాలంతా బాటిల్లోనే ఉంటుంది. ఓసారి మా తొమ్మిదో తరగతి కుర్రాడు అలాగే వంగబోయాడు. చొక్కా పట్టి వెనక్కి లాగానో లేదో, బాటిల్ లేచిపోయింది. వాడు తడిశాడంతే. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

కాగితం రాకెట్‌తో ఆ టెన్షన్ లేదు. పీవీసీ పైపు ఒక చివర ఖాళీ బాటిల్ బిగించి, రెండో చివర కాగితపు గొట్టం తొడిగి, బాటిల్‌ను కాలితో తొక్కడమే. తొక్కిన క్షణం దాటితే ఒత్తిడి మిగలదు. లేవలేదంటే ముక్కు దగ్గర టేపు ఊడి ఉంటుంది. పైపులోకి కన్ను పెట్టకూడదు, పైపును మనుషుల వైపు తిప్పకూడదు.

పైగా నీళ్ల రాకెట్ ఒక్కసారి ఎగరేసేసరికి ఐదు నిమిషాలు, నలభై మందీ ప్రేక్షకులే. కాగితానిదైతే ఎవరిది వాళ్లకే. రెక్కలు పీకేసి ఒకసారి, ముక్కులో కాస్త బంకమట్టి పెట్టి ఒకసారి. రెక్కల్లేనిది పల్టీలు కొట్టడం చూసిన పిల్లకి రెక్కలెందుకో నేను చెప్పక్కర్లేదు.

ఒకటి ఒప్పుకోవాలి. ఇది అసలు రాకెట్టే కాదు. పైపు వదిలాక దాన్ని తోసేదేమీ ఉండదు. నీళ్ల రాకెట్ తన నీళ్లను కిందికి విసురుతూ పైకి పోతుంది. శ్రీహరికోటలో లేచేది మండిన వాయువులను విసురుతుంది. ప్రతి చర్యకూ సమానమైన ఎదురు చర్య ఉంటుందనే న్యూటన్ మూడో నియమం అక్కడ కనిపిస్తుంది, ఇక్కడ కనిపించదు. అందుకే ముందు రోజు దారానికి స్ట్రా ఎక్కించి, దానికి బెలూన్ అతికించి వదులుతాను. పది నిమిషాల పని.

వెనిగర్, వంటసోడా రాకెట్ ఒకసారి లేచినంత రెండోసారి లేవదు, పోల్చడానికి పనికిరాదు. అగ్గిపుల్లల మందు ఊసే వద్దు.

నీళ్లదే కావాలంటే గాలి ఒత్తిడి చూపే గేజ్ ఉన్న పంపు వాడండి, ఆ ఒత్తిడిని 50 పీఎస్ఐ దాటనివ్వకండి. పలచటి మంచినీళ్ల బాటిల్ వద్దు. వదిలే తాడు ఐదు మీటర్లుండాలి, లేవకపోతే అంత దూరం నుంచే గాలి తీసేసే వీలుండాలి. అదీ ఆగస్టులో కాదు, అప్పుడు చేలన్నీ నాట్లతో నీళ్లమీదుంటాయి. సార్వా (ఖరీఫ్) కోతలయ్యాక, కరెంటు తీగలు లేని చేలో పెట్టుకోండి.