విండోస్ ఆఫ్‌లైన్ ఫైల్స్: ఒక్కరి ఫోల్డరుకైతే దీన్ని మించింది లేదు

విండోస్ 2000 నాటి నుంచీ ఉన్న సౌకర్యమిది. అయినా ఆఫీసుల్లో దీని పేరు ఎత్తితే చాలామంది కొత్తగా వింటున్నట్టు చూస్తారు. సర్వర్‌లోనో నాస్ బాక్సులోనో (ఆఫీసు నెట్‌వర్క్‌కు తగిలించే స్టోరేజీ డబ్బా) ఉన్న ఫోల్డరు మీద రైట్ క్లిక్ చేసి 'ఆల్వేస్ అవైలబుల్ ఆఫ్‌లైన్' అని కొడితే ఆ ఫైళ్ల నకలు ల్యాప్‌టాప్‌లోకి దిగుతుంది. నెట్‌వర్క్ తెగినా సర్వర్ ఫోల్డరుకు మనం పెట్టుకున్న అదే జెడ్ డ్రైవ్, అవే ఫోల్డర్లు, అవే పేర్లు. బయట ఉండగా మార్చినవి ఆఫీసుకు తిరిగొచ్చాక వాటంతటవే సర్వర్‌లోకి ఎక్కుతాయి. విండోస్ 7 రోజుల్లో మొదలుపెట్టి ఇప్పుడు 11లో కూడా వాడుతున్నాను.

గుంటూరులో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో నా పని. మార్చి 31 వచ్చిందంటే మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో స్టాకు లెక్క చూడాలి. ఆ గోడల మందానికి లోపల ఫోన్ మాట్లాడటమే కష్టం, ఇక బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపే వీపీఎన్ సంగతి చెప్పేదేముంది! పోయినేడాది వర్కింగ్ పేపర్లు, లాట్ నంబర్ల షీటు, స్కాన్ చేసిన ఇన్సూరెన్స్ కాగితాలు అన్నీ అక్కడికక్కడ తెరుచుకోవాలి. ఈ పనికి ఆఫ్‌లైన్ ఫైల్స్ చక్కగా సరిపోతుంది. పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసుకెళ్లి, తిరిగొచ్చాక ఏది కొత్తదో ఏది పాతదో వెతుక్కునే బాధ తప్పింది.

అయితే బయల్దేరే ముందు ఒక పని చేయాలి. ఫోల్డరు తెరిచి, వైఫై ఆపేసి, నాలుగు ఫైళ్లు తెరిచి చూడాలి. నకలు దిగని ఫైళ్లు కూడా మసకబారి, ఇంటూ గుర్తుతో జాబితాలో కనిపిస్తూనే ఉంటాయి. పేరు కనిపిస్తోంది కదా అని ధీమాగా వెళితే అక్కడ తెరుచుకోవు. విండోస్ 10లో దీనికి పైన రిబ్బన్‌లో, 'ఈజీ యాక్సెస్' కింద 'వర్క్ ఆఫ్‌లైన్' అనే బటన్ ఉండేది. 11లో ఆ రిబ్బన్నే తీసేశారు కాబట్టి నేను వైఫై ఆపే పద్ధతికి వచ్చాను. 'ఆల్వేస్ అవైలబుల్ ఆఫ్‌లైన్' కూడా ఇప్పుడు 'షో మోర్ ఆప్షన్స్' వెనక్కి పోయింది.

చాలామంది గమనించనిది ఇంకోటుంది, దాని దగ్గరే తకరారు ఎక్కువ. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ కింద వివరాల పట్టీలో 'ఆఫ్‌లైన్ స్టేటస్' అని ఒక మాట ఉంటుంది. అక్కడ 'ఆన్‌లైన్' అని ఉంటే మనం చూస్తున్నది సర్వర్‌లోని అసలు ఫైలు. 'ఆఫ్‌లైన్, నాట్ కనెక్టెడ్' అంటే సంగతి తెలిసిందే. చిక్కల్లా 'ఆఫ్‌లైన్, స్లో కనెక్షన్' అన్నప్పుడే. ఇంటి నుంచి వీపీఎన్ కలిపాం, కనెక్షన్ ఉంది, అంతా బాగానే ఉందనుకుంటాం. కానీ లైన్ నెమ్మదిగా ఉందని విండోస్ తనంతట తానే నకలు మీదికి మారిపోతుంది. విండోస్ 7లో జవాబు రావడానికి 80 మిల్లీసెకన్లు దాటితే ఇలా మారేది. 8 నుంచి ఆ హద్దును 35కి తగ్గించారు. మన ఇళ్లలోని బ్రాడ్‌బ్యాండ్ మీద వీపీఎన్ అంటే 35 దాటడం ఎంతసేపు! అప్పటి నుంచి ఆఫీసులో వాళ్లు మార్చినవి మనకు వెంటనే కనిపించవు, మనం మార్చినవి వాళ్లకు కనిపించవు. వెనకాల సింక్ (నకలునూ సర్వర్‌లోని ఫైలునూ ఒకటి చేయడం) జరుగుతుంది కానీ మామూలు సెట్టింగుతో దాదాపు రెండు గంటలకోసారి. 7లో అయితే ఆరు గంటలకోసారి. "పంపాను చూడు" అని ఫోన్ చేస్తే అవతలివాళ్లు "ఏం రాలేదన్నా" అనేది అందుకే. 'సింక్' బటన్ నొక్కి, అయ్యాక ఫోన్ చేస్తే ఆ గొడవ ఉండదు. ఆ 35 మిల్లీసెకన్ల హద్దును గ్రూప్ పాలసీలో (విండోస్ లోపలి సెట్టింగులు మార్చే చోటు) మార్చుకోవచ్చు కూడా.

ఇక ఒకే ఫైలు మీద ఇద్దరు పనిచేస్తే ఏమవుతుంది? ఆఫీసులో అందరూ ఆన్‌లైన్‌లో ఉన్నప్పుడు ఒకరు ఎక్సెల్ ఫైలు తెరిస్తే రెండోవాళ్లకు చదవడానికి మాత్రమే వస్తుంది. ఆఫ్‌లైన్‌లో ఆ తాళం ఉండదు. నేను చిలకలూరిపేట మిల్లులో కూర్చుని ట్రయల్ బ్యాలెన్స్ షీటులో సర్దుబాటు ఎంట్రీలు వేస్తుంటే, అదే షీటును ఆఫీసులో ఆర్టికల్ కుర్రాడు (సీఏ ట్రెయినీ) కూడా దిద్దుతుంటాడు. తిరిగొచ్చి నెట్‌వర్క్ కలపగానే కంట్రోల్ ప్యానెల్‌లో ఉండే సింక్ సెంటర్‌లో 'కాన్‌ఫ్లిక్ట్' అని పడుతుంది. తెరిస్తే రెండు ఫైళ్లు పక్కపక్కన, వాటి సైజు, ఏ టైమ్‌కి మారాయన్నది. ఇది ఉంచాలా, అది ఉంచాలా, రెండూ ఉంచాలా అని అడుగుతుంది. లోపలి అంకెలను కలపడం దానికి రాదు. మా ఆఫీసులో మాట ఒక్కటే: ఎప్పుడూ రెండూ ఉంచు, తర్వాత ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చూసుకోండి. టైమ్ చూసి కొత్తదాన్ని ఉంచేస్తే రెండోవాళ్ల పొద్దుటి పనంతా పోతుంది. అసలు ఈ తలనొప్పి లేకుండా సార్ ఇప్పుడు క్లయింట్ల ఫోల్డర్లను మనిషికిన్ని చొప్పున పంచేశారు. ఎవరి ఫోల్డరు వాళ్లే ఆఫ్‌లైన్‌లో పెట్టుకుంటారు. ఆ తర్వాత కాన్‌ఫ్లిక్ట్ అనే మాట కనిపించడమే అరుదైపోయింది.

అకౌంట్లు రాసే టాలీ డేటాను మాత్రం ఇందులో పెట్టకండి. ఒక కంపెనీ డేటా అంటే ఒకదాన్నొకటి నమ్ముకుని ఉండే బోలెడు ఫైళ్లు. వాటిలో కొన్ని పాతవి, కొన్ని కొత్తవి అయ్యాయంటే టెన్షన్ మామూలుగా ఉండదు. ఎక్స్‌పీ రోజుల్లో యాక్సెస్ డేటాబేసులను, అవుట్‌లుక్ మెయిళ్లు దాచే పీఎస్‌టీ ఫైళ్లను విండోసే ఇందులో చేరనిచ్చేది కాదు, కారణం ఇలాంటిదే. టాలీకి బ్యాకప్ తీసుకుని పట్టుకెళ్లండి. అలాగని ఆఫ్‌లైన్ ఫైల్స్‌ను బ్యాకప్ అనుకోవద్దు. బయట ఉండగా ఒక ఫైలు డిలీట్ చేస్తే, ఆఫీసుకొచ్చి కలిపాక సర్వర్‌లోనూ అది పోతుంది.

దీనికి విండోస్ సర్వరే ఉండాలని లేదు. మా ఆఫీసులో ఉన్నది లైనక్స్, సాంబా (లైనక్స్‌లోని ఫోల్డర్లను విండోస్‌కు పంచే సాఫ్ట్‌వేర్) మీద నడిచే మామూలు నాస్. సాంబాలో ఈ నకలుకు మొదటి నుంచీ అనుమతి ఉంటుంది, ఎవరైనా కావాలని మూసేస్తే తప్ప. కానీ బాక్సు మార్చేటప్పుడు జాగ్రత్త. నకలంతా సర్వర్ పేరును పట్టుకుని ఉంటుంది. పేరుతో ఒకసారి, ఐపీ నంబరుతో ఒకసారి తెరిస్తే ఒకే ఫోల్డరైనా విండోస్‌కు అవి రెండు వేర్వేరు చోట్లు. కొత్త బాక్సుకు కొత్త పేరు పెడితే, సింక్ కాకుండా మిగిలినవన్నీ పాత పేరు కిందే ఉండిపోతాయి. పాత పేరే కొత్త బాక్సుకూ పెట్టేస్తే సరిపోతుంది.

ఇదంతా చదివి ఇంట్లో ల్యాప్‌టాప్‌లో వెతికి దొరకలేదంటే, అది విండోస్ హోమ్ ఎడిషన్ అయి ఉంటుంది. ప్రో గానీ, ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ గానీ ఉండాలి. సింక్ సెంటర్‌లో 'మేనేజ్ ఆఫ్‌లైన్ ఫైల్స్' తెరిచి ఆన్ చేసి, ఒకసారి రీస్టార్ట్ చేయాలి. ఎలాగూ ప్రో ఉంది కాబట్టి డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ కూడా పెట్టుకోండి. క్లయింట్ల పుస్తకాలు ల్యాప్‌టాప్‌తో పాటు బస్సుల్లో తిరుగుతుంటాయి కదా.

వన్‌డ్రైవ్ ఉండగా ఇదెందుకని అడుగుతారు. 2017 నుంచి అందులో 'ఫైల్స్ ఆన్ డిమాండ్' ఉంది, వాడకం తేలికే, ఇద్దరు ఒకే షీటులో కూర్చుని పనిచేయాలంటే నేనూ దాన్నే చెబుతాను. ఫైళ్లు ఆఫీసు గడప దాటి క్లౌడ్‌కు వెళ్లకూడదనే చోట మాత్రం నెల నెలా డబ్బు కట్టక్కర్లేని ఈ పాత పద్ధతే.

చివరగా ఒక జాగ్రత్త. ఆర్టికల్స్ మారినప్పుడు వాళ్ల ల్యాప్‌టాప్ ఫార్మాట్ కొట్టడం ఆఫీసుల్లో మామూలే. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ కాపీ చేసుకుని అయిపోయిందనుకుంటారు. సర్వర్‌లోకి ఎక్కని మార్పులు అక్కడ ఉండవు. సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపల సీఎస్‌సీ అనే ఫోల్డరులో ఉంటాయి, మామూలుగా తెరవబోతే అది తెరుచుకోదు. ఫార్మాట్‌కు ముందు ల్యాప్‌టాప్‌ను ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపి, ఆ కుర్రాడి లాగిన్‌లోనే సింక్ సెంటర్ తెరిచి, పెండింగ్ ఏమీ లేదని చూసుకున్నాకే సిస్టమ్ మనిషిని పిలవండి.