ఏడాది ఫిక్స్‌డ్ టారిఫ్: చూపించిన ఆదా 185 పౌండ్లు, మిగిలింది 98

ఇంగ్లండ్‌లో రెడింగ్‌లోని మా ఇంటికి కరెంటూ గ్యాసూ ఇచ్చే కంపెనీని నిరుడు ఏప్రిల్ 1న మార్చి, ఏడాది పాటు రేటు మారని ఫిక్స్‌డ్ టారిఫ్ తీసుకున్నాను. ఆ ఒప్పందం వచ్చే నెలాఖరుతో, అంటే 2026 మార్చి 31తో, ముగుస్తుంది. రేటు విషయంలో నాకు అసంతృప్తి లేదు. సేవ విషయంలో ఉంది. కంపెనీ పేరు రాయడం లేదు. ఆ ప్లాన్ ఇప్పుడు అమ్మకంలోనే లేదు కనుక, చదివేవారికి దాని పేరు కంటే ఎప్పుడు మారాలన్న లెక్కే ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఆంధ్ర, తెలంగాణల నుంచి కొత్తగా వచ్చినవారికి ఈ వ్యవహారం మొదట వింతగా తోస్తుంది. అక్కడ ఇంటి కరెంటుకు డిస్కంను, అంటే పంపిణీ సంస్థను, ఎంచుకునే వీలు లేదు, రేటును నియంత్రణ మండలి నిర్ణయిస్తుంది, వాడకం పెరిగేకొద్దీ పై స్లాబు రేటు పడుతుంది. ఇక్కడి మామూలు టారిఫ్‌లో మొదటి యూనిట్‌కూ వెయ్యో యూనిట్‌కూ ఒకటే రేటు, దానికి తోడు వాడినా వాడకపోయినా రోజువారీగా పడే స్టాండింగ్ ఛార్జ్. ఏ ఫిక్స్‌డ్ ప్లానూ తీసుకోనివారికి ఈ రెండింటి మీదా ఆఫ్‌జెమ్ అనే నియంత్రణ సంస్థ 2019 నుంచి గరిష్ఠ పరిమితి పెడుతోంది. దాన్నే ప్రైస్ క్యాప్ అంటారు. ఇప్పుడది జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరుల్లో మారుతుంది. నిరుడు ఏప్రిల్‌లో వార్తల్లో వినిపించిన 1,849 పౌండ్ల వంటి అంకె ఏడాదికి 2,700 యూనిట్ల (కిలోవాట్ అవర్ల) కరెంటు, 11,500 యూనిట్ల గ్యాసు వాడే ఇంటికి వేసిన లెక్క మాత్రమే. బిల్లు అంతకు మించదని నమ్మి శీతకాలమంతా హీటింగ్ ఆపకుండా నడిపిన మిత్రుడొకరు మాకున్నారు. క్యాప్ ఉన్నది రేటుకు గానీ బిల్లుకు కాదని ఆయనకు మార్చిలో తెలిసింది.

నిరుడు ఫిబ్రవరి 25న ఆఫ్‌జెమ్ ఏప్రిల్ క్యాప్‌ను ప్రకటించినప్పుడు, దేశ సగటున కరెంటు యూనిట్ 24.86 పెన్స్ (పౌండుకు వంద పెన్స్) నుంచి 27.03 పెన్స్‌కూ, గ్యాసు యూనిట్ 6.34 నుంచి 6.99కూ పెరగబోతున్నట్టు తేలింది. పెరుగుదల ఖాయమని తెలిసి, అమలుకు ఇంకా ఐదు వారాలుండగా, పాత ధరల దరిదాపుల్లోనే ఫిక్స్‌డ్ ప్లాన్లు దొరుకుతున్న ఆ మధ్యకాలమే నిర్ణయానికి సరైన సమయం. నేను మాత్రం ఇంకా తగ్గుతుందేమోనని దాదాపు నెల రోజులు చూశాను. ఈలోగా నేను గుర్తు పెట్టుకున్న ప్లాన్‌ను ఒక కంపెనీ తీసేసింది. చివరకు మార్చి 24న కుదుర్చుకున్న రేట్లు ఇవి: కరెంటు 24.4 పెన్స్, గ్యాసు 6.1 పెన్స్, స్టాండింగ్ ఛార్జ్ రోజుకు కరెంటుకు 52, గ్యాసుకు 30 పెన్స్. మా వాడకం ఏడాదికి 2,900 యూనిట్ల కరెంటు, 10,400 యూనిట్ల గ్యాసు కనుక మొత్తం 1,641 పౌండ్లు అవుతుంది. అదే వాడకానికి ఏప్రిల్ క్యాప్ రేట్ల ప్రకారం 1,826 అవుతుంది కాబట్టి, 185 పౌండ్లు ఆదా అని తెర మీద పెద్ద అక్షరాల్లో చూపించారు.

ఆ 185 అబద్ధం కాదు, కానీ ఏప్రిల్ క్యాప్ ఏడాదంతా కదలకుండా ఉంటేనే నిజం. అది కదిలింది. జులైలో కరెంటు 25.73కూ గ్యాసు 6.33కూ దిగాయి, అక్టోబరులో కరెంటు కొద్దిగా ఎక్కింది, గ్యాసు 6.29 అయింది, ఈ జనవరిలో కరెంటు 27.69కు పెరిగి, గ్యాసు 5.93కు పడిపోయింది. అంటే గ్యాసు అన్నిటికంటే ఎక్కువగా కాలే ఈ మూడు నెలల్లో నా ఫిక్స్‌డ్ రేటు క్యాప్ కంటే ఖరీదు, కరెంటు మాత్రం యూనిట్‌కు 3 పెన్స్‌కు పైగా చవక. ఏ మూడు నెలలకు ఎన్ని యూనిట్లు వాడామో విడదీసి, మార్చి నెలకు అంచనా కలుపుకుని చూస్తే నికరంగా మిగిలింది 98 పౌండ్లు. అందులో 38 పౌండ్లు మొదటి మూడు నెలల్లోనే వచ్చాయి. ఏప్రిల్ పెంపును తప్పించుకోవడమే ఈ ప్లాన్ చేసిన అసలు మేలు.

రేటు తరువాత చూడవలసింది ఎగ్జిట్ ఫీజు, అంటే గడువుకు ముందే ఒప్పందం వదిలేస్తే కట్టే రుసుము. నా ఒప్పందంలో కరెంటుకు 50, గ్యాసుకు 50, కలిపి 100 పౌండ్లు. జులైలో క్యాప్ తగ్గినప్పుడు ఇంతకంటే చవకైన ప్లాన్ ఒకటి కనిపించినా, దానిలో మిగిలేది 40 పౌండ్లే కనుక కదలలేకపోయాను. చేరిన తరువాత 14 రోజుల్లో మనసు మార్చుకుంటే ఈ ఫీజు ఉండదు; ఒప్పందం చివరి 49 రోజుల్లో కూడా ఉండదు. చవకగా ఇచ్చే కంపెనీ నిలదొక్కుకుంటుందా అన్నది మరో ప్రశ్న: 2021–22లో హోల్‌సేల్ గ్యాసు ధరలు మండిపోయి ముప్పై దాకా కంపెనీలు మూతపడినప్పుడు, వాటి వినియోగదారుల ఖాతాల్లో ఉన్న సొమ్ము భద్రంగానే కొత్త కంపెనీకి చేరింది గానీ, చవక ఫిక్స్‌డ్ రేటు మాత్రం పాత కంపెనీతోనే పోయింది.

ఇక సేవ సంగతి. మారిన రోజున స్మార్ట్ మీటర్ రీడింగ్ పంపలేదు. కొత్త కంపెనీ నేను ఇచ్చిన 4,258 రీడింగ్‌తో గ్యాసు ఖాతా తెరిస్తే, పాత కంపెనీ తన అంచనా ప్రకారం 4,318 దగ్గర ముగించింది. మధ్యలోని 60 క్యూబిక్ మీటర్లంటే సుమారు 670 యూనిట్లు, అంటే 42 పౌండ్లు. వాటికి రెండు చోట్లా కట్టాను. ఏప్రిల్ 1న పొద్దున్నే మెట్ల కింది గూట్లో సెల్‌ఫోన్ లైటు వేసి తీసిన మీటర్ ఫోటో ఒక్కటే నన్ను కాపాడింది. అయినా రెండు కంపెనీలూ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటూ ఏడు వారాలు తిప్పాయి. నెలకు 137 పౌండ్లు సరిపోయేచోట డైరెక్ట్ డెబిట్‌ను, అంటే బ్యాంకు ఖాతా నుంచి నెలనెలా తీసుకునే మొత్తాన్ని, 155గా పెట్టడం కూడా నచ్చలేదు. ఫోన్ చేసి, ఇరవై నిమిషాలు పాట విన్నాక తగ్గించారు. రేటుకు ఐదులో నాలుగు మార్కులు, సేవకు రెండు.

చివరి 49 రోజులు మొదలయ్యే ఫిబ్రవరి 10 దాటింది కనుక ఇప్పుడు నేను ఫీజు లేకుండా వెళ్ళిపోవచ్చు. అయితే నిరుడు నవంబరు బడ్జెట్‌లో కొన్ని ప్రభుత్వ పథకాల ఖర్చును బిల్లుల నుంచి తీసేసి, ఈ ఏప్రిల్ నుంచి ఇంటికి సగటున 150 పౌండ్లు తగ్గేలా చేస్తామని ప్రకటించారు. అందువల్ల ఈ వారం ఏ ప్లాన్ తీసుకునేవారైనా ఆ తగ్గింపు తమ రేటులో చేరిందో లేదో లిఖితపూర్వకంగా అడగాలి. నేను ఎగ్జిట్ ఫీజు లేని రెండు ప్లాన్లను రాసి పెట్టుకుని, నెలాఖరులో రావలసిన ఏప్రిల్ క్యాప్ ప్రకటన కోసం ఆగాను. అది వచ్చిన రాత్రే 2,900నూ 10,400నూ గుణించి చూసి తేల్చేస్తాను. ఈసారి నెల రోజులు చూసే ఉద్దేశం లేదు.