నాలుగేళ్లు వాడిన 13 వేల ట్యాబ్: ఆ 2 వేలు తగ్గించుకోకుండా ఉండాల్సింది

2021 జూన్ చివరి వారంలో ఖమ్మంలో ఈ ట్యాబ్ కొన్నాం. జులై 1 నుంచి మళ్లీ ఆన్‌లైన్ క్లాసులే అని తేలిపోయింది. మా అమ్మాయి అప్పుడు ఏడో తరగతిలోకి వచ్చింది. అంతకు ముందు ఏడాదంతా నా ఫోన్‌లోనే పాఠాలు విన్నది. బోర్డు మీద లెక్క కనపడక ఫోన్‌ను కళ్ల దగ్గర పెట్టుకుని చూసేది, సాయంత్రానికి తలనొప్పి అనేది. ల్యాప్‌టాప్ కొనే వీలు లేదు కాబట్టి ట్యాబ్ చూడడానికి వెళ్లాం.

పేరున్న కంపెనీదే. ఒకే మోడల్ రెండు రకాలుగా ఉంది. 3 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజి ఉన్నది 13,499 రూపాయలు. 4 జీబీ, 64 జీబీ ఉన్నది 15,499. "క్లాసులకే కదా మేడం, చిన్నది చాలు, నిండితే మెమరీ కార్డు వేసుకోవచ్చు" అన్నాడు షాపతను. నాకూ సబబుగానే అనిపించింది. ఆ రెండు వేలు మిగిలాయని సంతోషంగా ఇంటికొచ్చాం.

క్లాసుల సంగతి చెప్పాలంటే, సెప్టెంబరు 1న బడులు తెరిచారు. అంటే ఏ పని కోసం కొన్నామో ఆ పని రెండు నెలలే నడిచింది. ఆ రెండు నెలలూ బాగా నడిచింది. పది అంగుళాల తెర మీద బోర్డంతా కనపడేది, పిల్ల తలనొప్పి అనడం మానేసింది. బడికి వెళ్లడం మొదలయ్యాక పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లు, యూట్యూబ్‌లో లెక్కల పాఠాలు, ఆదివారం సినిమాలు. మొదటి ఏడాదిన్నర నాకు ఏ ఫిర్యాదూ లేదు.

2022 చివరి నుంచి కష్టాలు మొదలయ్యాయి. 32 జీబీ అని పెట్టె మీద రాసి ఉన్నా, అందులో ఆండ్రాయిడ్, కంపెనీ ముందే వేసి ఇచ్చిన యాప్‌లు పోగా మన చేతికి వచ్చింది 19 జీబీ. యాప్‌లు అప్‌డేట్ అయినకొద్దీ బరువెక్కుతూ పోయాయి. 64 జీబీ కార్డు కొని వేశాను. సినిమాలు, ఫోటోలు కార్డులోకి పోయాయి గానీ, యాప్‌లు మాత్రం లోపలి స్టోరేజిలోనే కూర్చుంటాయి. షాపతను చెప్పని మాట ఇదే. వారానికోసారి ఏదో ఒకటి తీసేస్తే గానీ కొత్తది అప్‌డేట్ అయ్యేది కాదు. పరీక్షల ముందు రోజు పీడీఎఫ్ తెరుచుకోక పిల్ల ఏడ్చిన సందర్భం ఉంది. ఆ రాత్రి మా ఇంట్లో అందరికీ టెన్షనే.

స్టోరేజి నిండితే వేగం ఎందుకు పడిపోతుందో తరువాత తెలుసుకున్నాను. చవక ట్యాబ్‌లలో ఎక్కువగా ఈఎంఎంసీ అనే రకం స్టోరేజి ఉంటుంది. అది ఒక వరస మాత్రమే పట్టే వంతెన లాంటిది. చదువుతున్నప్పుడు రాయలేదు, రాస్తున్నప్పుడు చదవలేదు. ఖరీదైన వాటిలో ఉండే యూఎఫ్‌ఎస్ రెండు పనులూ ఒకేసారి చేస్తుంది. మా దాంట్లో వెనకాల అప్‌డేట్ నడుస్తుంటే ముందు తెర బిగుసుకుపోయేది. ర్యామ్ 3 జీబీయే కాబట్టి వీడియో ఆపి నోట్సు చూసి మళ్లీ వెనక్కి వస్తే వీడియో మొదటి నుంచీ తెరుచుకునేది.

రెండో దెబ్బ చార్జింగ్ పిన్. 2023 వేసవిలో వైరు కదిలితే చార్జింగ్ ఆగిపోయేది. సర్వీస్ సెంటర్‌కు తీసుకెళితే బోర్డు మొత్తం మార్చాలి, 6,800 అవుతుందన్నారు. మనసొప్పక బస్టాండు దగ్గర ఫోన్లు బాగుచేసే అతనికి చూపించాను. 450 తీసుకుని గంటలో పిన్ మార్చి ఇచ్చాడు, ఇప్పటికీ ఇబ్బంది లేదు. వారంటీ అయిపోయిన చవక ట్యాబ్‌ను ముందు మంచి చేతిపని ఉన్నవాళ్లకే చూపించండి.

భద్రతా అప్‌డేట్లు కూడా ఆ ఏడాదితో ఆగిపోయాయి. అందుకే బ్యాంకు పనులేవీ అందులో పెట్టలేదు. ఎలాగూ ఇది వైఫై మాత్రమే ఉన్న రకం. యూపీఐ యాప్ మొదలవ్వాలంటే అందులోని సిమ్ నుంచి ఎస్ఎంఎస్ పోవాలి, కాబట్టి సిమ్ లేని ట్యాబ్‌తో యూపీఐలో డబ్బు పంపడం కుదరదు. కొనేటప్పుడు చాలామంది ఇది అడగరు.

2024లో మామయ్యగారికి శుక్లాల ఆపరేషన్ అయ్యాక ట్యాబ్‌ను వైరా దగ్గరున్న మా ఊరికి పంపించాం. అన్నీ తీసేసి మొదటి నుంచి సెట్ చేసి, యూట్యూబ్, వాట్సాప్, ఈ-పేపర్ మాత్రం ఉంచాను. ఈ మూడింటికీ అది హాయిగా నడుస్తోంది. స్పీకర్లు గట్టివి, సాయంత్రం అరుగు మీద పెడితే ప్రవచనం పక్కింటికి కూడా వినపడుతుంది. బ్యాటరీ మొదట్లో రెండు రోజులు వచ్చేది, ఇప్పుడు రోజుకు ఒక పూట తక్కువే వస్తోంది.

పేపర్ దగ్గరే అసలు లోపం బయటపడింది. "అమ్మాయ్, వత్తులు కనపడటం లేదు" అన్నారు. కంటి దోషం అనుకున్నాం. కాదు. ఈ తెర అడ్డంగా 1280, నిలువుగా 800 చుక్కలది (పిక్సెళ్లు అంటారే, అవి). పది అంగుళాల మీద పరిస్తే అంగుళానికి 149 చుక్కలే పడతాయి. ఇంగ్లిషు అక్షరాలకు సరిపోతుందేమో గానీ, మన అక్షరం కింద వత్తు, పైన గుడి, పక్కన సుడి ఉన్నప్పుడు అన్నీ అలుక్కుపోతాయి. పేజీని పెద్దది చేస్తే కనపడుతుంది, కానీ ప్రతి వార్తకూ వేళ్లతో సాగదీయడం ఆయనకు విసుగు. 1920, 1200 చుక్కల తెర అయితే అదే సైజులో 224 చుక్కలు పడతాయి. నా తమ్ముడి దాంట్లో అదే పేపర్ తెరిచి చూపిస్తే సాగదీయకుండా చదివేశారు.

ఖర్చు లెక్క వేశాను. ట్యాబ్ 13,499, కవరు, గ్లాసు 650, కార్డు 550, పిన్ 450. మొత్తం 15,149. 51 నెలలు వాడాం. నెలకు సుమారు 300 పడింది. ఇంట్లో ముగ్గురం వాడుకున్న వస్తువుకు ఆ ధర నాకు భారంగా లేదు. కానీ పెద్ద రకం తీసుకుని ఉంటే, అన్నీ కలిపినా నెలకు మరో 40 రూపాయలు మించేది కాదు, కార్డు డబ్బు కూడా మిగిలేది. ఏడాదిన్నర పాటు పిల్ల చదువు మధ్యలో పడిన చికాకు తప్పేది. కెమెరా, సన్నగా ఉండే ఒళ్లు, పెట్టెలో వచ్చే పెన్ను, వీటికి ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టొద్దు. ఆ డబ్బు స్టోరేజికీ తెరకీ పెట్టండి.

ఈ దసరాకు చిన్నవాడికి ఒకటి కొనాలి. ఈసారి 6 జీబీ, 128 జీబీకి తగ్గను. సినిమాలు మసకగా రాకుండా వైడ్‌వైన్ (సినిమాలు కాపీ కాకుండా ఓటీటీలు వాడే తాళం లాంటిది) ఎల్1 రకం ఉందో లేదో ముందే అడుగుతాను, ఎల్3 అయితే చాలా ఓటీటీలు తక్కువ నాణ్యతలోనే చూపిస్తాయి. షాపులో ఏదైనా తెలుగు ఈ-పేపర్ పేజీ తెరిచి, సాగదీయకుండా "స్వాతంత్ర్యం" అన్న మాటలో తకారం కింద ఉన్న రెండు వత్తులూ విడివిడిగా కనపడుతున్నాయో లేదో చూసి గానీ డబ్బు కట్టను.