సిమెంటు లేని ఇటుకల పెరడు

పర్లాకిమిడిలోని మా ఇంటి పెరట్లో ఇసుకపై పరిచిన ఇటుకల నేల 2018 వేసవి నాటిది. దాని అందం గురించీ ఖర్చు గురించీ చెప్పేవారు చాలామంది ఉన్నారు. నాకు దానిలో అమితంగా నచ్చిన గుణం ఒక్కటే: కావలసిన చోట విప్పి, అవే ఇటుకలతో మళ్లీ మూసేయవచ్చు.

బావి మోటారు నుంచి వంటింటికి వెళ్లే గొట్టం పగిలినప్పుడు ఈ గుణం విలువ తెలిసింది. తులసికోట పక్కన నాలుగైదు ఇటుకలు కుంగి, మండుటెండలోనూ వాటి సందులు తడిగా ఉండేవి. ప్లంబరు వస్తూనే అలవాటుగా సుత్తి, ఉలి బయటికి తీశాడు. వాటితో పని లేకుండా, రెండు పాత స్క్రూడ్రైవర్లను ఇరువైపులా దూర్చి మొదటి ఇటుకను పైకి లేపితే, తక్కినవి చేతికే వచ్చేశాయి. కింద అంగుళం మందం ఇసుక, దాని కింద దిమ్మిసతో కొట్టిన నాలుగంగుళాల కంకర ఉన్నాయి. కంకరను తోడితే గొట్టం మలుపు దగ్గర పగిలిన ఎల్బో ముక్క కనిపించింది. అతుకు పూర్తయ్యాక కంకరను పొరలుగా వేసి కుదించి, ఇసుకను బద్దతో చదును చేసి, ఇటుకలను చెక్కసుత్తితో తట్టి కూర్చోబెట్టి, సందుల్లోకి పొడి ఇసుకను చీపురుతో ఊడ్చాము. కొత్తగా పూడ్చిన చోటు ఎలాగూ కాస్త దిగుతుందని మేస్త్రి అక్కడి ఇటుకలను పక్కవాటి కన్నా కొంచెం, వేలి మందం లోపు, ఎత్తుగా ఉంచాడు. వానలు వెళ్లేసరికి అవి పక్కవాటితో సమమయ్యాయి. గచ్చు అయి ఉంటే పెళ్లలు మోయడం, అతుకును రోజూ తడపడం, చివరికి రంగు కలవని మచ్చను చూస్తూ ఉండడం తప్పేవి కావు.

మొదట్లో దీనికి పోషణే అక్కరలేదని అడిగినవారందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడంత ధీమాగా చెప్పను. నేల పరిచిన ఏడాదే అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపాను వానకు పల్లపు వైపు సందుల్లోని ఇసుక కొట్టుకుపోయింది. చుట్టూ నిలబెట్టిన అంచు ఇటుకలను కాంక్రీటుతో బిగించడం వల్ల నేల మాత్రం విచ్చుకోలేదు. చీమలు ఇసుకను తోడి పోస్తూనే ఉంటాయి, గరిక ఏటా మొలుస్తుంది. మామిడి నీడ పడే మూల నాచు పట్టి, వానాకాలమంతా గట్టి బ్రష్షుతో రుద్దితే తప్ప పెద్దవాళ్లు నడవలేని స్థితికి వస్తుంది. సరిగా కాలని ఇటుకలు రెండు మూడు కలిసిపోయినట్టున్నాయి, వాటి పైపొర రాలుతోంది. ఒకదానితో ఒకటి తడితే ఖంగుమనే ఇటుకలనే ఏరుకోవడం మంచిది.

మాది ఎర్ర గరప నేల. పెరడు ఇంటి గోడ నుంచి అడుగుకు పావు అంగుళం వాటంతో ఉంది. స్కూటరు తప్ప మరో బండి దానిపైకి ఎక్కదు. నల్లరేగడిలోనో, కారు నిలిపే చోటనో ఇది ఇలాగే నిలుస్తుందని నేను చెప్పలేను. నా మటుకు నేను మళ్లీ వేయవలసి వస్తే ఇదే వేస్తాను, మామిడి కింద మాత్రం గరుకు రాయి పరిపిస్తాను.