పాకాల వైపు ‘రహస్య కుంటల నడక’ బుక్ చేసేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి

పేజీ పేరు రాయను. ఆదివారం ఎటైనా పోదామని వెతికే వరంగల్, హనుమకొండ జనం ఫోన్లలోకి అది ఈపాటికి వచ్చే ఉంటుంది. ‘అడవిలో ఎవరికీ తెలియని అయిదు కుంటలు, మనిషి అడుగు పడని నీళ్లు, తలా 1,499’ అంటూ తిప్పుతున్నారే, అదే. మా ఇంట్లో నలుగురం. 5,996 రూపాయలు ముందే ఫోన్‌పే చేశాం. టిఫిన్, భోజనం, తెప్ప మీద షికారు, అటవీ శాఖ అనుమతి, అన్నీ అందులోనే అని రాసి ఉంది. రాయడానికి ఏం పోయింది!

నర్సంపేటలో గైడు బైకు మీద వచ్చి కలిశాడు. తల మీద పేజీ పేరున్న టోపీ, నోటి నిండా అక్కా, బావా. టిఫిన్ సంగతి అడిగితే ‘ముందట తిందాం అక్కా’ అన్నాడు. ఆ ముందట అనేది రానే లేదు.

ఖానాపురం దాటాక ఒక ఊళ్లో కారు పెట్టించి, పొలాల గట్ల మీద నడిపించి మొదటి కుంట చూపించాడు. మనిషి అడుగు పడని నీళ్లన్నాడు కదా, ఒడ్డంతా బతుకమ్మలు వేసిన పూలే. తంగేడు, గునుగు వాడిపోయి నీళ్ల అంచున తేలుతున్నాయి. ఊరి ఆడవాళ్లందరూ మొన్ననే వచ్చి ఆడి పోయిన చోటు! కట్ట మీద చెరువుల మరమ్మతుల పథకం మిషన్ కాకతీయ బోర్డు కూడా ఉంది. ఇదేంది తమ్ముడూ అంటే, ‘పాకాల కన్న పాతది అక్కా, రుద్రమదేవి ఈత నేర్చుకున్న కుంట’ అన్నాడు. పాకాల చెరువు గణపతిదేవుని కాలంలో, 1213 ప్రాంతంలో కట్టింది. కూతురికి ఈత కోసం అంతకంటే ముందే ఇక్కడ కుంట తవ్వించాడన్నమాట! బర్రెలు కాస్తున్న తాతను అడిగితే ‘మా అయ్య తవ్విన కుంట బిడ్డా’ అన్నాడు, పాపం, రుద్రమదేవి సంగతి ఆయనకు తెలిసినట్టు లేదు.

పిల్లలను నీళ్లలోకి దిగమన్నది కూడా ఈ గైడే, మోకాళ్ల లోతేనట. ఆ తాతే కర్ర ఊపుకుంటూ వచ్చి ఆపాడు. పూడిక మట్టి తోడుకుపోయిన చోట నిలువు గుంతలు ఉన్నాయి, నీళ్లు నిండాక పైకి ఏమీ తెలియదు. తెప్పా లేదు, లైఫ్ జాకెట్టూ లేదు. మావాడిని రెక్క పట్టి వెనక్కి లాగాను.

అక్కడే తిరిగి వచ్చేయాల్సింది అంటారు. నిజమే. కానీ కట్టిన డబ్బులు కళ్ల ముందు ఆడుతుంటే కాళ్లు ముందుకే పడతాయి.

తర్వాత అడవిలోకి తీసుకుపోయాడు. గేటు లేదు, టికెట్ లేదు, కంచె పక్క సందు. ‘పర్మిషన్ ఉందా?’ అని మా ఆయన అడిగితే ‘మన చేతిల పనే బావా’ అన్నాడు. కొంచెం దూరం పోయామో లేదో, ఎదురుగా అటవీ శాఖ వాళ్లు ఇద్దరు. మా గైడు వాళ్లను చూడగానే చేసిన మొదటి పని, టోపీ తీసి జేబులో కుక్కుకోవడం.

‘ఎవరు మీరు? ఎవరు తీసుకొచ్చారు?’ అని ఆఫీసరు అడిగాడు. నేను గైడు వైపు చూశాను. గైడు నా వైపు కూడా చూడకుండా, చేతులు కట్టుకుని అన్న మాట ఇది:

‘ఎవలో సార్, నాకు తెల్వది. నాది పక్క ఊరే, బర్రె తప్పిపోతే దేవులాడుతున్న. వీళ్లు తొవ్వ అడిగిండ్రు.’

పొద్దుటి నుంచి అక్కా అక్కా అని వెంట తిరిగినవాడు! మా ఇంటి పెరుగన్నం తిన్నవాడు! (భోజనం వాళ్లదే అన్నారు కదా, మా డబ్బాలో సగం వాడికే పోయింది.) నాకు నోట మాట రాలేదు. మా మేనకోడలు మాత్రం గట్టిగా ‘అత్తా, అన్న అబద్ధం చెప్తుండు’ అంది. ఆఫీసరు ఆ పిల్లను చూసి, వాడిని చూసి, మమ్మల్ని చూశాడు. మా ఆయన ఫోన్‌పే చూపిద్దామని ఫోన్ తీస్తే అడవిలో సిగ్నల్ ఏది? ‘అందరు గిట్లనే చెప్తరు సార్’ అన్నాడు ఆఫీసరు. ఈ మాటల మధ్యలోనే మనవాడు బర్రెను వెతుక్కుంటూ వెళ్లిపోయాడు.

ఆఫీసరు మీద నాకు కోపం లేదు. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా రావడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరమని చెప్పి, ‘ముత్యాలధార మరిచిపోయిన్రా?’ అని అడిగాడు. 2023 జూలైలో ములుగు జిల్లా వెంకటాపురం అడవిలో ఆ జలపాతం చూడటానికి పోయినవాళ్లు వాగు పొంగి చిక్కుకుపోతే, జాతీయ విపత్తు దళం (ఎన్‌డీఆర్‌ఎఫ్) వాళ్లు వెళ్లి బయటికి తెచ్చారు. పిల్లలను పెట్టుకుని మేము ఏం సమాధానం చెప్తాం? కాగితం మీద రాయించుకుని, జరిమానా కట్టించుకుని, కారు దాకా దిగబెట్టారు.

నర్సంపేట చేరాక సిగ్నల్ వచ్చింది. వస్తూనే మొదటి మెసేజ్: ‘ట్రిప్ ఎంజాయ్ చేశారా అక్కా? 5 స్టార్ రేటింగ్ ఇవ్వగలరు.’ ఫోన్ చేస్తే కట్. మళ్లీ చేస్తే బ్లాక్. మా ఆయన ఫోన్ నుంచి చేస్తే ఎత్తి, ‘రెండు కుంటలు చూపించినం కద మేడం, రీఫండ్ రాదు’ అన్నారు. రెండోది ఏదో నాకు ఇప్పటికీ తెలియదు. దారిలో లారీ టైర్ల గుంతలో వాన నీళ్లు నిలిచి ఉన్నాయి, బహుశా అదే కావచ్చు.

ఇంకోటి. వాళ్ల ప్రకటనలో ఉన్న ఫొటో ఇంటికి వచ్చాక పెద్దది చేసి చూశాం. అది లక్నవరం. ఉయ్యాల వంతెనను కత్తిరించారు గాని, మూలన తీగ ముక్క మిగిలిపోయింది.

చెరువులే చూడాలంటే లక్నవరం, రామప్ప ఉన్నాయి, పాకాల కట్ట ఉంది. అక్కడ వీళ్ల అవసరమే లేదు. అడవిలో నడక అని ఎవరైనా అంటే అనుమతి కాగితం కళ్లతో చూడండి, దాని మీద మీ పేర్లు ఉన్నాయో లేదో చూడండి, అప్పటిదాకా పైసా పంపకండి. మేమైతే సైబర్ క్రైమ్ 1930కి ఫోన్ చేశాం.

వచ్చే ఆదివారం బ్యాచ్ నిండిపోయిందని నిన్న స్టోరీ పెట్టారు. అందులో మీరెవరైనా ఉంటే ఈరోజే డబ్బులు వెనక్కి అడగండి.