సముద్రతీరంలో ఇనుప గేటుకు ఏది మేలు: రెడ్ ఆక్సైడా, పౌడర్ కోటింగా, గాల్వనైజింగా?

వెల్డింగ్ షాపుల్లో ఎంఎస్ అని పిలిచే మైల్డ్ స్టీలు చౌకగా దొరుకుతుంది, అడిగినట్టు వంగుతుంది, అతుకు గట్టిగా పడుతుంది. తుప్పును తనంతట తాను తట్టుకునే గుణం మాత్రం దానికి లేదు. విశాఖపట్నంలోనో కాకినాడలోనో సముద్రపు గాలి తగిలే వీధిలో గేటు చేయించుకునేవారు ఏ పూత వేయించాలన్నది రంగు చూసి కాక, ఆ గాలిని చూసి నిర్ణయించుకోవాలి.

గాలిలో లోహం ఎంత వేగంగా తరిగిపోతుందో లెక్కగట్టడానికి ఐఎస్ఓ 9223 అనే ప్రమాణం ఉంది. ఓ మోస్తరు వాతావరణంలో, అంటే ఆ ప్రమాణం సీ3 అని పిలిచే తరగతిలో, పూత లేని ఉక్కు మొదటి ఏడాదిలో 25 నుంచి 50 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం కోల్పోతుంది. ఉప్పు తుంపరలు బాగా పడే తీరంలో, అంటే సీ5 తరగతిలో, ఆ నష్టం 80 నుంచి 200 మైక్రాన్ల దాకా పోతుంది. అదే తీరంలో, గాల్వనైజింగ్‌లో పూతగా వేసే జింకు కోల్పోయేది ఏడాదికి 4.2 నుంచి 8.4 మైక్రాన్లే. ఉక్కు కంటే జింకు సుమారు ఇరవై రెట్లు నెమ్మదిగా తరుగుతుందన్న ఈ ఒక్క విషయం మీదే నా తీర్పు చాలావరకు ఆధారపడి ఉంది.

ముందుగా అందరికీ అలవాటైన రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, దానిమీద ఎనామెల్ పెయింటు సంగతి చూద్దాం. ఖర్చు తక్కువ, గేటును ఎక్కడికీ మోసుకెళ్లనక్కర లేదు, రెండేళ్ల తరువాత పెచ్చులూడితే ఇంటివారే బ్రష్షు పట్టుకుని సరిచేసుకోవచ్చు. కానీ ప్రైమర్‌లోని ఆ ఎర్ర పొడి కూడా ఐరన్ ఆక్సైడే. అది నీటికి, గాలికి అడ్డుగా నిలబడుతుందే తప్ప తుప్పు పుట్టే రసాయన చర్యను ఆపదు. అందుకోసం జింకు ఫాస్ఫేటు వంటి నిరోధకం కలిసిన ప్రైమర్ కావాలి. గీత పడిన చోట తుప్పు మొదలై పెయింటు అడుగునే పాకుతుంది. దీనికి తోడు, కొత్త ఉక్కు మీద నల్లగా మెరిసే మిల్ స్కేల్ పొరను తీయకుండానే చాలాచోట్ల ప్రైమర్ పూసేస్తారు. ఆ పొర పగిలి విడిపోయేటప్పుడు పైనున్న పెయింటును కూడా వెంట తీసుకుపోతుంది. ఇసుక రేణువులను బలంగా చిమ్మి శుభ్రం చేసే బ్లాస్టింగ్ చేయించిన ఉక్కు మీద మామూలు పెయింటు నిలిచినంత కాలం, వైర్ బ్రష్షుతో పైపైన రుద్దిన ఉక్కు మీద ఖరీదైన పెయింటు నిలవదు.

పౌడర్ కోటింగ్ చూపులకు అన్నిటికన్నా అందంగా ఉంటుంది. పొడిని విద్యుదావేశంతో అతికించి, 180 నుంచి 200 డిగ్రీల వేడిలో కరిగించడం వల్ల 60 నుంచి 80 మైక్రాన్ల పొర సమంగా పరుచుకుంటుంది. అయినా ఇది కూడా అడ్డుగోడే. సైకిలు హ్యాండిలు గీసుకున్న చోటునుంచి, పూత పలచబడే పదునైన అంచులనుంచి ఉప్పునీరు లోపలికి చేరి పూతను బొబ్బల్లా లేపుతుంది. ఇంట్లో దానిని సరిచేసుకోవడం కష్టం. చతురస్రపు గొట్టాల లోపలి గోడలు ఎప్పటిలాగే పూత లేకుండా మిగిలిపోతాయి. తీరానికి దూరంగా హైదరాబాదులోనో, ఇంటి లోపలి మెట్ల రెయిలింగుకో దీనిని నిస్సంకోచంగా ఎంచుకోవచ్చు. సముద్రానికి ఎదురుగా ఉన్న గేటుకు ఇదొక్కటే చాలదు.

ఇక హాట్ డిప్ గాల్వనైజింగ్. తయారైన గేటును ఆమ్లంలో శుభ్రపరచి, సుమారు 450 డిగ్రీల దగ్గర కరిగి ఉన్న జింకులో ముంచుతారు. జింకు ఉక్కుతో కలిసి మిశ్రమ పొరలుగా మారుతుంది. గొట్టం లోపలా బయటా, మూలల్లోనూ పడుతుంది. పూతకు గీత పడినా చుట్టూ ఉన్న జింకు తాను కరిగిపోతూ ఉక్కును కాపాడుతుంది. ఐఎస్ఓ 1461 ప్రకారం 3 నుంచి 6 మిల్లీమీటర్ల మందమున్న ఉక్కుకు సగటున 70 మైక్రాన్లు, ఒకటిన్నర నుంచి 3 మిల్లీమీటర్ల ఉక్కుకు 55 మైక్రాన్లు ఉండాలి. పై లెక్కతో భాగిస్తే, తీవ్రమైన తీరంలోనూ 70 మైక్రాన్ల పూత ఎనిమిది నుంచి పదహారేళ్లు వస్తుంది. ఇబ్బందులూ ఉన్నాయి. ప్లాంటు దగ్గరలో ఉండాలి, గేటు తొట్టిలో పట్టాలి, పలచని రేకులు వేడికి వంకరపోవచ్చు. మూసిన గొట్టాలకు ముందుగానే రంధ్రాలు పెట్టకపోతే లోపలి గాలి, తేమ వేడెక్కి గొట్టం పేలే ప్రమాదం ఉంది.

జాగ్రత్తగా ఉండవలసింది బజారులో వినిపించే ‘జీఐ’ (గాల్వనైజ్డ్ ఐరన్, అంటే జింకు పూత వేసిన ఇనుము) అన్న మాటతో. రేకు దశలోనే పూత వేసి తరువాత గొట్టంగా చుట్టిన సరుకునూ జీఐ అనే అమ్ముతారు. చదరపు మీటరుకు రెండు వైపులా కలిపి 120 గ్రాముల జింకు అంటే ఒక్కో వైపు ఎనిమిదిన్నర మైక్రాన్ల లోపే. పై లెక్కలోనే చూస్తే అది ఏడాది, రెండేళ్ల మాట. పైగా వెల్డింగ్ చేసిన ప్రతి అతుకు దగ్గరా ఆ కాస్త జింకూ కాలిపోతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. కాబట్టి ‘జీఐ గేటు’ అని చెప్పినప్పుడు, వెల్డింగ్ అయ్యాక ముంచారా, ముందే పూత ఉన్న గొట్టాలతో చేశారా అని తప్పక అడగాలి. రెండో రకమైతే అతుకులను శుభ్రం చేసి జింకు ఎక్కువగా ఉన్న పెయింటు పూయించాలి.

నా ఉద్దేశంలో తీరప్రాంతపు గేటుకు అన్నిటికన్నా మేలైనది హాట్ డిప్ గాల్వనైజింగ్ చేయించి, ఆ జింకు మీద పెయింటు వేయించడం. పెయింటు జింకును ఉప్పునుంచి కాపాడుతుంది, జింకు పెయింటు అడుగున తుప్పు పాకకుండా ఆపుతుంది. రెండూ కలిస్తే వచ్చే ఆయుష్షు, విడివిడి ఆయుష్షుల మొత్తం కంటే ఎక్కువ. అయితే మామూలు ఎనామెల్‌ను జింకు మీద నేరుగా పూయకూడదు. దానిలోని నూనె జింకుతో చర్య జరిపి సబ్బులాంటి పొరగా మారుతుంది, పెయింటు పొరలు పొరలుగా ఊడిపోతుంది. ముందు జింకును కాస్త కొరికి పెయింటుకు పట్టునిచ్చే ఎచ్ ప్రైమర్ గానీ, జింకుకు తగిన ఎపాక్సీ ప్రైమర్ గానీ వేయించాలి. అంత ఖర్చు పెట్టలేనివారు కనీసం ఉక్కును బ్లాస్టింగ్ చేయించి, జింకు ఫాస్ఫేటు ప్రైమర్‌తో రెండు పూతలు వేయించి, ఏటా వానలకు ముందు గీతలు వెతికి సరిచేసుకోవడం మంచిది.

బందుల దగ్గర, జరిపే గేటు చక్రాల దగ్గర మాత్రం ఏ పెయింటూ నిలవదు, ఎందుకంటే అక్కడ తుప్పుతో పాటు రాపిడి కూడా ఉంటుంది. గాల్వనైజింగ్‌లో పైనున్న జింకు మెత్తనిదైనా, దాని కిందనున్న మిశ్రమ పొరలు మైల్డ్ స్టీలు కంటే గట్టివి కాబట్టి కొంతకాలం ఓర్చుకుంటాయి. ఆ తరువాత ఆ చోటును కాపాడేది క్రమం తప్పకుండా రాసే గ్రీజే.